క్లాసులో ఎవరూ విడిగా మిగిలిపోకుండా చూడటం ఎలా?

ముందు ఒక కాగితం తీసుకోండి. హాజరుపట్టీ చూడకుండా మీ క్లాసు పిల్లల పేర్లన్నీ గుర్తొచ్చిన వరుసలో రాయండి. మొదటి పది పేర్లు చకచకా వచ్చేస్తాయి. వాళ్లు బాగా చదివేవాళ్లో బాగా అల్లరి చేసేవాళ్లో అయి ఉంటారు. ఆ తర్వాత పెన్ను నెమ్మదిస్తుంది. చివర్లో ఇద్దరో ముగ్గురో ఎంత ఆలోచించినా గుర్తురారు, పట్టీ తెరిచి చూసుకోవాల్సిందే. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు నలుగురు మిగిలారు. వాళ్లలో ఇద్దరి ఇంట్లో బడి భాష మాట్లాడరు, ఒకమ్మాయికి ఎడమ చెవి వినపడదు, ఇంకో అబ్బాయి వారంలో రెండు రోజులు వాళ్ల నాన్నతో పనికి వెళ్లేవాడు. నలుగురూ నన్ను ఎప్పుడూ ఏ ఇబ్బందీ పెట్టని పిల్లలు. బయట జనం ఎవర్ని పక్కన పెడతారో నా జ్ఞాపకం కూడా సరిగ్గా వాళ్లనే పక్కన పెట్టిందని ఆ రోజు అర్థమై చాలా బాధపడ్డాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మీరు రాసింది కూడా తేదీ వేసి దాచుకోండి, చివర్లో దానితో పనుంది.

బళ్లో చేర్చుకోవడం వేరు, క్లాసులో కలుపుకోవడం వేరు. అంబేడ్కర్ చిన్నప్పుడు బడికి వెళ్లారు, పట్టీలో పేరుంది, కానీ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద ఒక మూల ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చింది. 1960 నవంబరులో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, అప్పటిదాకా తెల్లపిల్లలకే పరిమితమైన బళ్లోకి ఆరేళ్ల నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్ కోర్టు ఆదేశంతో, ఫెడరల్ మార్షల్స్ అనే కేంద్ర ప్రభుత్వ భద్రతాధికారుల కాపలా మధ్య అడుగుపెట్టింది. మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని తీసుకెళ్లిపోయారు, బార్బరా హెన్రీ అనే టీచరు ఆ ఏడాదంతా ఖాళీ గదిలో ఆ ఒక్క పాపకే పాఠం చెప్పారు. ఇద్దరికీ చట్టప్రకారం చదువు అందినట్టే లెక్క. పక్కన కూర్చునే స్నేహితుడు మాత్రం దొరకలేదు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కలిసినప్పుడు చెప్పింది కూడా ఇదే, అందర్నీ కలుపుకొనే మామూలు బడి వివక్షను తగ్గించడానికి అన్నిటికన్నా గట్టి సాధనమని. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం దాన్ని హక్కుగానే రాసింది. కానీ ఆ హక్కు పిల్లాడికి అందేదీ అందనిదీ తేలేది క్లాసు గదిలోనే, అంటే మనం రోజూ చేసే చిన్న చిన్న పనుల్లోనే. ఆ పనులేమిటో చెప్తాను.

ఒక వారం చూడటం తప్ప ఇంకేమీ చేయకండి

టెన్షన్ పడి మొదటిరోజే సీట్లు మార్చేయొద్దు. వారం పాటు రోజూ ఒక పీరియడ్ ఎంచుకుని, ఎవర్ని ప్రశ్న అడిగారో, ఎవర్ని మెచ్చుకున్నారో, ఎవర్ని కోప్పడ్డారో పేరు పక్కన ఒక గీత పెట్టుకోండి. పాఠం చెప్తూ గీతలు పెట్టడం కష్టమైతే, మీరు నమ్మే తోటి టీచర్ని వెనక కూర్చుని పెట్టమనండి. ఇంటర్వెల్‌లో ఎవరు ఎవరితో ఉంటున్నారో, ఆటలో ఎవర్ని చివర్న తీసుకుంటున్నారో, తినేటప్పుడు ఎవరు గోడవైపు తిరిగి కూర్చుంటున్నారో గమనించండి.

వారం చివర్లో ఒక్కొక్కరికీ చిన్న చీటీ ఇచ్చి, "గ్రూపు పని చేయాల్సి వస్తే నీకు ఏ ఇద్దరు కావాలి?" అని రాయించుకోండి. ఎవరు వద్దు అని మాత్రం ఎప్పుడూ అడక్కండి, ఆ ప్రశ్న మనమే వెలివేయడం నేర్పినట్టవుతుంది. ఇంటికెళ్లాక పేర్లన్నీ ఒక కాగితం మీద చెల్లాచెదురుగా రాసి, ఎవరు ఎవర్ని కోరారో బాణం గీయండి. జేకబ్ మొరీనో అనే మానసిక వైద్యుడు 1930లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కొన్ని పేర్ల దగ్గర బాణాలు గుంపులుగా ఉంటాయి, కొన్ని పేర్లవైపు ఒక్క బాణం కూడా రాదు. ఈ బొమ్మ ఇంకెవరి కంటా పడకూడదు, స్టాఫ్‌రూమ్ టేబుల్ మీద అస్సలు వదలొద్దు.

ఇప్పుడు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మీకు గుర్తురాని పేరు, మీరు ప్రశ్న అడగని పేరు, ఎవరూ కోరుకోని పేరు చాలావరకు ఒకటే అయి ఉంటాయి. ఆ పిల్లలే మీ పని. అందరికీ ఒకేసారి న్యాయం చేద్దామని మొదలుపెడితే రెండు వారాల్లో అలసిపోతారు, ముగ్గురు నలుగురితో మొదలుపెట్టండి.

సీట్లు, పేర్లు

మార్కుల ప్రకారం కూర్చోబెట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి. వెనక వరుసలోని పిల్లలకు తాము ఎందుకు వెనకున్నారో మనం చెప్పకపోయినా తెలుసు. పదిహేను రోజులకోసారి అందరి స్థానాలూ మారేలా ఒక వరుస పెట్టుకుంటే ఎవర్నీ వేలెత్తి చూపకుండానే కలుస్తారు. చూపు, వినికిడి, కదలికల ఇబ్బంది ఉన్నవాళ్లకు మాత్రం వాళ్లకు అనువైన చోటు ఏడాదంతా ఉంచి, పక్కన కూర్చునేవాళ్లను మారుస్తూ ఉండండి.

పేరు సరిగా పలకడం నేర్చుకోండి. పలకడానికి కష్టంగా ఉందని మనమే దాన్ని కత్తిరిస్తే క్లాసంతా అదే కత్తిరించిన పేరు పట్టుకుంటుంది. శరీరం మీద, రంగు మీద, కులం మీద, తల్లిదండ్రుల పని మీద పెట్టిన మారుపేర్లు సరదాకే అన్నా సరే మీ ముందు వినపడనివ్వకండి.

ప్రశ్న అడిగాక ఆగండి

నాకు తెలిసినంతలో పైసా ఖర్చు లేని, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు క్లాసుల రికార్డింగులు విని చూస్తే, టీచరు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నట్టు తేలింది. ఆ సెకనులో జవాబు రాకపోతే ఇంకొకర్ని అడిగేయడమో, తామే చెప్పేయడమో. అదే మూడు సెకన్లకు పైగా ఆగితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు.

మూడు సెకన్లు వినడానికి తక్కువే కానీ క్లాసు ముందు నిలబడ్డప్పుడు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మనసులో నెమ్మదిగా మూడు లెక్కపెట్టుకోండి. ఇంకో మెట్టు ముందుకెళ్లాలంటే ప్రశ్న అడిగి, ముందు పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోమనండి, ఆ తర్వాతే జవాబు అడగండి. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఆ నిమిషంలో తమ భాషలోనే మాట్లాడుకోవచ్చు, అడ్డుపడకండి. ఆలోచన ముందు సొంత భాషలో కుదురుకుంటే దాన్ని బడి భాషలోకి తేవడం తేలిక. చేతులెత్తినవాళ్లనే అడిగే అలవాటు మాత్రం తగ్గించుకోవాలి. పేర్లు రాసిన చీటీల్లోంచి ఒకటి తీసి అడగొచ్చు. కానీ ఆలోచించుకునే టైమ్ ఇవ్వకుండా చీటీ తీస్తే భయస్తులు ఇంకా బిగుసుకుపోతారు.

పాఠం తయారుచేసేటప్పుడే ఆలోచించండి

భవనం కట్టేసిన తర్వాత మెట్ల పక్కన ర్యాంపు అతికించడం కన్నా, ప్లాను గీసేటప్పుడే ర్యాంపు పెట్టడం తేలిక. పైగా దాన్ని చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లే కాదు, పసిపిల్లల బండి తోసేవాళ్లూ మోకాళ్ల నొప్పులవాళ్లూ వాడతారు. ఇదే ఆలోచనను చదువులోకి తెచ్చి యూనివర్సల్ డిజైన్ ఫర్ లెర్నింగ్ అన్నారు. పేరు పెద్దదే గానీ విషయం సులువు. ఒకే సంగతిని చెప్పడానికి రెండు మూడు దారులు, నేర్చుకున్నది చూపించడానికి రెండు మూడు దారులు, ఆసక్తి పుట్టించడానికి రెండు మూడు దారులు పెట్టుకోవడం. ఒక సైన్స్ పాఠం ఉందనుకోండి. మీరు నోటితో చెప్తారు, బొమ్మ గీస్తారు, చేత్తో పట్టుకునే వస్తువు ఒకటి తెస్తారు. చివర్లో ఒకరు పేరా రాసి ఇస్తారు, ఇంకొకరు బొమ్మ గీసి భాగాల పేర్లు పెడతారు, మరొకరు మీకు నోటితో వివరిస్తారు. అర్థమైందా లేదా అన్నదే మీరు చూడాల్సింది.

కొన్ని పనులు ఎవరికి ఏ ఇబ్బంది ఉందో తెలియకపోయినా ఈరోజు నుంచే అందరికీ చేసేయొచ్చు. బోర్డు మీద రాస్తూ మాట్లాడకండి, రాయడం ఆపి క్లాసువైపు తిరిగి మాట్లాడండి, ఎందుకంటే వినికిడి తక్కువున్న పిల్లలు మీ పెదాలు చూసి సగం పట్టుకుంటారు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం నల్లగా కనిపిస్తుంది, అందుకని వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి. రాసిన ప్రతిదీ పైకి చదవండి. "ఇక్కడి నుంచి ఇది అటు తీసుకెళ్తే" అంటే చూపు లేని పిల్లాడికి ఏమీ తెలియదు, దేన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారో పేరుపెట్టి చెప్పండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీద మాత్రమే ఆధారపడే చార్టులు వేయకండి, ఆ రెండూ వేరుగా కనపడని పిల్లలుంటారు.

కొన్ని మాత్రం ఆ పిల్లనో పిల్లాడినో బట్టి చేయాలి. నేను చెప్పిన అమ్మాయి విషయంలో తప్పు నాదే. ఎడమ చెవి వినపడని పిల్లను గదిలో కుడి గోడ పక్కన కూర్చోబెట్టాను. వినపడే చెవి గోడకు, వినపడని చెవి క్లాసుకు. తనను ఎడమ గోడ వైపుకు మార్చడానికి అర నిమిషం పట్టింది, దానికోసం తను నాలుగు నెలలు ఎదురుచూసింది, ఎందుకంటే నేను అడగలేదు, తను చెప్పలేదు. అందుకే పిల్లలతో విడిగా కూర్చుని అడగండి. "నీకు ఎక్కడ కూర్చుంటే బాగా వినపడుతుంది? ఏం చేస్తే తేలికవుతుంది?" చాలామందికి జవాబు తెలుసు. తల్లిదండ్రులకు ఇంకా బాగా తెలుసు.

అక్షరాలు తికమకపడే డిస్లెక్సియా పిల్లల్ని ఉన్నట్టుండి లేపి గట్టిగా చదవమనకండి. చదివించాలనుకుంటే ఏ పేరానో ముందురోజే చెప్పండి. కుదురుగా కూర్చోలేని పిల్లలకు పనిని ముక్కలు చేసి ఇవ్వండి, మధ్యలో పుస్తకాలు పంచడం లాంటి లేచి తిరిగే పని అప్పజెప్పండి. ఆటిజం ఉన్న పిల్లలకు టైమ్‌టేబుల్ మారుతుంటే ముందే చెప్పాలి, బడిగంట శబ్దానికి కూడా చెవులు మూసుకునేవాళ్లుంటారు, వాళ్లకు ప్రశాంతంగా ఉండే ఒక మూల చూపించి ఎప్పుడైనా వెళ్లొచ్చని చెప్పండి. ఎవరికి ఏ ఇబ్బంది ఉందో క్లాసుకు ప్రకటించాల్సిన పని లేదు. పిల్లలు అడిగితే "తనకు ఇలా అయితే తేలిక" అంటే చాలు, వాళ్లు మనకన్నా త్వరగా ఒప్పుకుంటారు.

గ్రూపు పని, కానీ జాగ్రత్తగా

నలుగుర్ని ఒకచోట కూర్చోబెట్టి "కలిసి చేయండి" అంటే తెలివైన పిల్ల అంతా రాసేస్తుంది, ఎవరూ కోరుకోని పిల్లాడు పెన్సిల్ చెక్కుతూ కూర్చుంటాడు. ఎడం తగ్గకపోగా పెరుగుతుంది. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల, హిస్పానిక్ పిల్లలు మొదటిసారి ఒకే క్లాసుల్లోకి వచ్చి గొడవలు పడుతున్నప్పుడు ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులతో కలిసి జిగ్‌సా అనే పద్ధతి తయారుచేశారు. దాన్ని ఇలా చేయండి.

పాఠాన్ని ఐదు ముక్కలు చేయండి. రకరకాల పిల్లలతో ఐదుగురేసి గ్రూపులు కట్టి, గ్రూపులో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క మాత్రమే ఇవ్వండి, మిగతా ముక్కలు వాళ్లకు దొరక్కూడదు. తర్వాత ఒకే ముక్క వచ్చినవాళ్లందరూ ఒకచోట చేరి దాన్ని చదివి, మాట్లాడుకుని, ఎలా వివరించాలో కలిసి నేర్చుకుంటారు. ఆపైన ఎవరి గ్రూపుకు వాళ్లు తిరిగొచ్చి మిగతా నలుగురికీ చెప్తారు. చివర్లో పరీక్ష అన్ని ముక్కల మీదా ఉంటుంది. ఇప్పుడు ఆ మూల కూర్చునే పిల్లాడి దగ్గర ఉన్న ముక్క అతని దగ్గర తప్ప గ్రూపులో ఇంకెవరి దగ్గరా లేదు. అతన్ని వెక్కిరిస్తే నష్టపోయేది వాళ్లే, అందుకే ఓపిగ్గా అడుగుతారు.

మధ్యలో జరిగే ఆ నేర్చుకునే గ్రూపును మాత్రం ఎగరగొట్టొద్దు. చదవడంలో వెనకబడ్డ పిల్లలకు తమ వంతు గట్టిగా తయారయ్యే అవకాశం అక్కడే దొరుకుతుంది, అది లేకపోతే తిరిగొచ్చి తడబడి ఇంకా చిన్నబోతారు. మొదటి రెండుసార్లు గందరగోళంగా ఉంటుంది, గోల ఉంటుంది, మూడోసారికి దారిలో పడుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ కోహెన్ అనే పరిశోధకురాలు చాలా ఏళ్లు పనిచేసి చెప్పిన ఇంకో మాట కూడా ఇక్కడ పనికొస్తుంది. ఎవర్నైతే తోటిపిల్లలు తక్కువగా చూస్తారో వాళ్లు నిజంగా బాగా చేసిన పనిని పట్టుకుని, అది గ్రూపుకు ఎలా ఉపయోగపడిందో అందరూ వినేలా చెప్పండి. "వెరీ గుడ్" అంటే సరిపోదు. "నువ్వు కొలతలు మళ్లీ చూడటం వల్లే తప్పు దొరికింది" అనాలి. లేనిపోని పొగడ్త అయితే పిల్లలు వెంటనే పట్టేస్తారు.

డబ్బు మాట అందరి ముందు వద్దు

ఒక ఏడాది నేను ఫీజు కట్టనివాళ్లను లేచి నిలబడమన్నాను. పై నుంచి లిస్టు వచ్చింది, చదివాను. నిలబడిన ఒకమ్మాయి మర్నాటి నుంచి పది రోజులు బడికి రాలేదు. మళ్లీ ఎప్పుడూ అలా చేయలేదు. ఫీజు సంగతి పెద్దవాళ్లతో, విడిగా, ఫోన్‌లోనో ఉత్తరంలోనో మాట్లాడండి. రంగు కాగితాలు, ప్రింట్లు, ఇంటర్నెట్ కావాల్సిన ప్రాజెక్టులు ఇచ్చే ముందు, ఇవేవీ లేని ఇంట్లో ఇది చేయగలరా అని ఒక్కసారి ఆలోచించండి. కావాల్సిన సామాన్లు క్లాసులోనే ఒక పెట్టెలో ఉంచి అందరూ అందులోంచే వాడేలా చేస్తే ఎవరు తెచ్చారు, ఎవరు తేలేదన్న ప్రశ్నే ఉండదు. సెలవుల తర్వాత "ఎక్కడికి వెళ్లొచ్చారు" అని వరుసగా అడగడం కూడా కొంతమందికి నరకం. బదులుగా "ఈ సెలవుల్లో కొత్తగా ఏం గమనించారు" అనండి.

ఏడిపించడం కనపడితే

అప్పటికప్పుడే ఆపండి, గట్టిగా, తక్కువ మాటల్లో. తర్వాత ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పించి చేతులు కలిపిస్తే మనకు పని అయిపోయినట్టుంటుంది గానీ, దెబ్బతిన్న పిల్లకు అది రెండో అవమానం. చూస్తూ నిలబడ్డ మిగతా పిల్లలతో కూడా మాట్లాడటం మర్చిపోకండి, ఏడిపించేవాడికి బలం ఆ నవ్వుల నుంచే వస్తుంది. "నువ్వు అడ్డుపడలేకపోయినా పర్లేదు, వచ్చి నాకు చెప్పు, లేదా తర్వాత వెళ్లి తన పక్కన కూర్చో" అని వాళ్లు నిజంగా చేయగలిగే పని చెప్పండి.

ఇంటివాళ్లు

మొదటిసారి ఫోన్ చేసేది మంచిమాట చెప్పడానికే అయ్యుండాలి. బడి నుంచి ఫోన్ వస్తే ఫిర్యాదే అని అలవాటుపడ్డ తల్లి, "మీవాడు ఈరోజు బాగా వివరించాడండీ" అని వింటే కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా మీతో మనసు విప్పి చెప్తుంది. మీటింగులు పనికెళ్లేవాళ్లు రాగలిగే టైమ్‌లో పెట్టండి. చదవడం రానివాళ్లకు చీటీ పంపితే లాభం లేదు, నోటితో చెప్పండి. ఫారాల్లో తండ్రి పేరు తప్పనిసరి అని రాసే బదులు తల్లి, తండ్రి లేదా సంరక్షకులు అని మార్చమని ఆఫీసులో అడగండి, చిన్న మార్పే, కానీ తండ్రి లేని పిల్లకు ప్రతి ఏడాదీ తగ్గే ఒక బాధ.

మార్కులు బాగా వచ్చే పిల్లల తల్లిదండ్రుల నుంచి అభ్యంతరం రావచ్చు, "వీళ్లందర్నీ కలిపితే మావాడు వెనకబడతాడేమో" అని. కోపం తెచ్చుకోకండి, వాళ్ల భయం కూడా నిజమైనదే. వాళ్లను ఒక పీరియడ్ వచ్చి కూర్చోమనండి. ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చినప్పుడు తమ బిడ్డ ఎంత లోతుగా ఆలోచించాల్సి వస్తోందో కళ్లారా చూస్తే చాలామంది మెత్తబడతారు. అందరూ మారరు. అయినా క్లాసు మాత్రం మార్చకండి.

పరీక్షలు

మీరు కొలుస్తున్నదేమిటో ముందు తేల్చుకోండి. లెక్కల పరీక్షలో కొలవాల్సింది లెక్కలు, చదివే వేగం కాదు. అందుకని ప్రశ్న చదివి వినిపించడం, ఎక్కువ టైమ్ ఇవ్వడం, చేయి సహకరించనివాళ్లకు రాసిపెట్టే మనిషిని ఇవ్వడం దయ చూపించడం కాదు, సరిగ్గా కొలవడం. పెద్ద పరీక్షలకు వీటికోసం ముందుగా దరఖాస్తు, ధ్రువపత్రాలు అడుగుతారు, ఏడాది మొదట్లోనే ఆ పని మొదలుపెట్టండి, చివరి నెలలో పరిగెత్తితే అవ్వదు.

రెండు నెలల తర్వాత

మళ్లీ ఖాళీ కాగితం తీసుకుని పేర్లు రాయండి. పాత కాగితంతో పోల్చండి. గీతల లెక్క మళ్లీ పెట్టండి, చీటీలు మళ్లీ రాయించి బాణాలు గీయండి. ఒక పేరువైపు కొత్తగా ఒక్క బాణం వచ్చినా అది పెద్ద మార్పే, ఎందుకంటే ఒక్క స్నేహితుడున్న పిల్లాడికీ ఎవరూ లేని పిల్లాడికీ ఎంత తేడా ఉంటుందో హాజరులోనే కనిపిస్తుంది. ఇంకా బాణం రాని పేరుంటే ఆ పిల్లకు ఏమిష్టమో కనుక్కుని, అదే ఇష్టమున్న ఇంకొకరితో కలిపి ఇద్దరు మాత్రమే చేసే పని ఏదైనా ఇవ్వండి. మొక్కలకు నీళ్లు పోయడం, లైబ్రరీ పుస్తకాలు సర్దడం, ఏదైనా సరే. పెద్ద గ్రూపులో కుదరనిది ఇద్దరి మధ్య కుదురుతుంది. నా రెండో కాగితంలో ఆ నలుగురిలో ముగ్గురి పేర్లు మధ్యలోకి వచ్చాయి. పనికెళ్లే అబ్బాయి పేరు మాత్రం మళ్లీ చివర్లోనే ఉంది, అప్పుడు అర్థమైంది, వాడి సమస్య క్లాసులో లేదు, ఇంట్లో ఉందని. ఆ శనివారం నేనే వాళ్లింటికి వెళ్లాను.